నాన్న 800, మూడు ప్లగ్గులు, ఒక ముసురు

జూలై 6, ఆదివారం

రాత్రంతా ముసురు. పొద్దున రైతు బజార్‌కి వెళ్దామని మా మారుతి 800 తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది కానీ, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీలా ఉన్న చోటే ఊగడం మొదలుపెట్టింది. గేర్ రాడ్ వణుకుతోంది, అద్దంలో వెనక కార్లు వణుకుతున్నాయి. సెల్లార్ ర్యాంప్ ఎక్కడానికి ఫస్ట్ గేర్ కూడా చాల్లేదు, వాచ్‌మన్ వెనక నుంచి ఓ చెయ్యి వేశాడు. మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి పని మానేస్తే మూడో వంతు బలం పోయినట్టే.

కూరగాయలు స్కూటీ మీద తెచ్చాను.

నాన్న 1997లో కొన్న కారు ఇది. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్, సిలిండర్లకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, మూడు ప్లగ్ వైర్లు. కంప్యూటర్ గొడవ లేదు. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధన వచ్చినప్పుడే హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో కొత్త 800ల అమ్మకం ఆగిపోయింది. ఇంకా ఎందుకు పెట్టుకున్నారని మా అపార్ట్‌మెంట్‌లో అడగని వాళ్లు లేరు. ఆర్సీ రెన్యూవల్ చేయించాం కాబట్టి పెట్టుకున్నాం, అంతే.

అసలు చిరాకు వేరే. సిలిండర్లో పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించేవి స్పార్క్ ప్లగ్గులు. ఏడాదిలో దీనికి అవి మూడుసార్లు మార్పించాం. గత ఆగస్టులో ఒకసారి, సర్వీసింగ్‌లో కారు కడిగించిన మర్నాడు ఒకసారి, మొన్న జూన్ మొదట్లో ఇంకోసారి. ప్రతిసారీ మా మెకానిక్ ఉస్తాద్ ఒకే మాట అన్నాడు. "ప్లగ్ గలీజ్ అయింది సార్, కొత్తవి ఏసేద్దాం." వేశాక వారం పది రోజులు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. తీసిన ప్లగ్గుల్ని డబ్బాలో పడేసేవాడు, నేనూ అడిగేవాణ్ని కాదు. ఈసారి పానా నేనే పట్టుకోవాలని, తీసిన ప్లగ్గుల్ని చూడకుండా ఏదీ మార్చకూడదని అనుకున్నాను.

ముందు ఏ సిలిండర్ చచ్చిందో తేల్చాను. నడుస్తున్న ఇంజన్ మీద వైర్లు లాగి చూసేవాళ్లున్నారు, షాక్ కొడితే తెలుస్తుంది. నేను ఇంజన్ ఆపి, ఒక వైరు ఊడదీసి, దాని కొనకి ఒక పాత ప్లగ్ తగిలించి, ఆ ప్లగ్ లోహం ఇంజన్‌కి గట్టిగా ఆనేలా కట్టి, మళ్లీ స్టార్ట్ చేశాను. ఒకటో వైరు తీస్తే ఇంజన్ ఇంకా కుంటింది. మూడోది తీసినా అంతే. రెండోది తీస్తే శబ్దంలో మార్పే లేదు. అంటే అది ముందునుంచే సెలవులో ఉంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక ప్లగ్గులు విప్పాను. ప్లగ్గులు బిగించే హెడ్, అంటే ఇంజన్ పైభాగం, అల్యూమినియం. వేడి మీద విప్పితే ప్లగ్‌తో పాటు హెడ్‌లోని చూడీలు, అంటే మర గాడులు కూడా ఊడొస్తాయి. వైరుని పట్టుకుని కాదు, కింద రబ్బరు క్యాప్‌ని పట్టుకుని కొంచెం తిప్పి లాగాలి. ప్లగ్ కదిలించే ముందు సైకిల్ పంపుతో చుట్టూ ఉన్న దుమ్ము ఊదేశాను, లేకపోతే ఆ ఇసకంతా నేరుగా సిలిండర్లోకే. దీనికి పాతకాలపు లావు ప్లగ్గులు, 21 పానా పడుతుంది. మూడింటినీ పేపర్ మీద 1, 2, 3 అని రాసిన గళ్లలో పెట్టాను.

ఒకటి, మూడు బిస్కెట్ రంగులో పొడిగా ఉన్నాయి. పెట్రోల్, గాలి సరైన పాళ్లలో కాలుతున్నాయని దానర్థం. రెండోది నల్లగా, తడిగా ఉంది. ఆ తడి వేలికి రాసుకుని వాసన చూశాను. పెట్రోల్ వాసన, నిమిషంలో ఆరిపోయింది. ఆయిల్ అయితే ఆరదు, జిడ్డుగా మెరుస్తూ ఉంటుంది, దానికి ఆయిల్‌ని సిలిండర్లోకి రాకుండా ఆపే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో చూసుకోవాలి. ఉత్త మసి పొడిపొడిగా, వేలికి కాటుకలా అంటితే పెట్రోల్ ఎక్కువవుతోందని, గాలి దారిని మూసే ఛోక్ పూర్తిగా తెరుచుకోవట్లేదని, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందని ఇలా అనుమానాలు. నాది ఇవేవీ కాదు. పెట్రోల్ వస్తోంది, అంటుకోవట్లేదు.

తర్వాత ప్లగ్ మీద రాసిన నంబరు చూశాను. బీపీఆర్6ఈఎస్-11. జపాన్ కంపెనీ ఎన్‌జీకే కోడ్ ఇది, విడగొడితే చాలా చెప్తుంది. బీ అంటే 14 మి.మీ. చూడీ. పీ అంటే పింగాణీ ముక్కు బయటికి పొడుచుకొచ్చిన రకం. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, రేడియోలో గరగర రాకుండా. 6 వేడి నంబరు. ఈ అంటే చూడీ పొడవు 19 మి.మీ. వేడి నంబరు దగ్గర ఒక తిరకాసు ఉంది. ఎన్‌జీకేలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్ చల్లటిది, అంటే వేడిని తొందరగా హెడ్‌కి దాటించేస్తుంది. బాష్‌లో సరిగ్గా తలకిందులు, నంబరు పెరిగితే వేడి ప్లగ్. ఒక కంపెనీ బదులు ఇంకో కంపెనీది కొనేటప్పుడు నంబర్లు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, పట్టిక చూసుకోవాల్సిందే. ప్లగ్ ముక్కు సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మసిని అదే కాల్చుకుంటుంది. 850 దాటి పోతే స్పార్క్ రాకముందే పెట్రోల్‌ని అదే అంటించేస్తుంది. ఆ రెండింటి మధ్య బతకడమే ప్లగ్ జీవితం.

నా కంట్లో పడింది మాత్రం చివరి 11. అంటే ఫ్యాక్టరీలో గ్యాప్, స్పార్క్ దూకే సందు, 1.1 మి.మీ. పెట్టారని. సందు కొలిచే రేకు, ఫీలర్ గేజ్, పెట్టి చూస్తే మూడూ అంతే ఉన్నాయి. నాన్న అలమరలో దాచిన 800 పుస్తకం 0.7 నుంచి 0.8 అంటోంది. ప్లగ్ మంచిదే, ఈ బండికి కాదు.

దొరికేసిందనుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి ఉన్న ప్లగ్గులకే గ్యాప్ తగ్గిద్దామని కూర్చుని, మళ్లీ ఆగాను. గ్యాప్ మూడింటికీ తప్పే, చచ్చింది ఒక్కటే ఎందుకు? గ్యాప్ ముట్టుకోలేదు. ఒకటో ప్లగ్‌ని రెండులో, రెండో ప్లగ్‌ని తుడిచి ఒకటిలో బిగించి పడుకున్నాను.

జూలై 8, మంగళవారం

రెండు రోజులూ ఆఫీసుకి అదే కారు. నిన్న ఎండ, ఒక్కసారి కూడా కుంటలేదు. ఇవాళ పొద్దున మళ్లీ తుంపర, మళ్లీ కుంటడం. చచ్చిన సిలిండర్ మళ్లీ రెండోదే. ప్లగ్ మారినా జబ్బు అక్కడే ఉందంటే ప్లగ్‌ది కాదు. ఎండ పూట మూడూ శుభ్రంగా నడుస్తున్నాయి కాబట్టి కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే బలం, తగ్గడం కూడా కాదు. ఇక మిగిలింది వైరు.

కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొన్న మల్టీమీటర్ తీశాను. మూడు వైర్లూ ఆరు నుంచి తొమ్మిది కిలో ఓమ్‌ల మధ్య చూపించాయి. తెగిన వైరయితే మీటర్ ఏమీ చూపించదు. అంటే వైర్లూ మంచివే. అక్కడితో నా తెలివి అయిపోయింది.

ప్లగ్గులు మళ్లీ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంటే నాన్న వచ్చాడు. ఆయన కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్లు చేశాడు. అద్దాలు పైకెత్తి, ఒక ప్లగ్ తీసుకుని, నేను చూస్తున్న కొన కాకుండా రెండో వైపు, తెల్లటి పింగాణీని ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూశాడు.

"ఏరా, ఈ గీత చూశావా?"

చూడలేదు. పెన్సిల్‌తో గీసినంత సన్నటి నల్ల గీత. పైన వైరు తగిలే లోహపు మొన దగ్గర మొదలై, పింగాణీ గట్ల మీదుగా మెలికలు తిరిగి, కింద షడ్భుజి లోహం దాకా దిగింది. గోటితో గీకితే పోలేదు.

"మురికేమో నాన్నా."

"మురికైతే చుట్టూ ఉంటుంది. ఇది దారి. మా 11 కేవీ లైన్ల మీద ఇన్సులేటర్లకి ముసురు పట్టినప్పుడు ఇదే వచ్చేది. కుండపోత వాన పడితే ఏం కాదు, దుమ్ము కడిగేస్తుంది. సన్నటి తుంపర పడితేనే దుమ్మంతా తడిసి, దాని మీదుగా కరెంటు పాకేది."

ఎప్పుడు తిరగబెట్టింది అని లెక్క వేసుకుంటే ఆగస్టు వానలు, కారు కడిగించిన మర్నాడు, జూన్ మొదటి చినుకులు. మూడుసార్లూ నీళ్లే.

ఆ గీత ఉన్నది ఆదివారం దాకా రెండో సిలిండర్లో ఉన్న ప్లగ్. మరి రెండు రోజులుగా అక్కడున్న ప్లగ్? దాన్ని తీసుకుని ఫోన్ లైటు వేసి చూశాను. ఆదివారం ఈ పింగాణీ ఫోటో తీసిపెట్టుకున్నాను, అప్పుడు తెల్లగా ఉంది. ఇప్పుడు కింది అంచు దగ్గర, చీమ నడిచినంత మేర, బూడిదరంగు గీత మొదలైంది. ఒంటి మీద వెంట్రుకలు లేచాయంటే అతిశయోక్తి కాదు.

మూడింటికీ లోహం అంచు పైన ఒక గోధుమరంగు పట్టీ కూడా ఉంది. సిలిండర్లోంచి గ్యాస్ కారుతోందని చాలామంది దాన్ని చూసి కంగారు పడతారు. అది కారడం కాదు. అంత వోల్టేజి చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం గాల్లో తేలే ఆయిల్ తుంపరని లాక్కుని పింగాణీకి అంటిస్తుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది నిలువుగా దిగే గీతని.

ఇప్పుడు కథ అతుక్కుంది. 12 వోల్టుల బ్యాటరీని కాయిల్ కొన్ని వేల వోల్టులు చేస్తుంది. ఎన్ని వేలనేది కాయిల్ ఒక్కటే తేల్చదు, గ్యాప్ అడుగుతుంది. మామూలు గాల్లో ఒక మిల్లీమీటరు దూకడానికి సుమారు మూడు వేల వోల్టులు చాలు. పిస్టన్ పైకొచ్చి నొక్కిపెట్టిన గాల్లో అదే దూరానికి దానికి ఎన్నో రెట్లు కావాలి. ప్లగ్‌ని బయట బాడీకి ఆనించి "చూడండి సార్, స్పార్క్ బాగుంది" అని చూపించే పరీక్ష నమ్మలేనిది అందుకే. బయట దూకిన స్పార్క్ లోపల దూకుతుందని ఎవరు హామీ? 0.75 ఉండాల్సిన గ్యాప్ 1.1 అయ్యేసరికి అడిగే వోల్టేజి పెరిగింది. పదిహేను, ఇరవై వేల వోల్టులు నాన్న 11 వేల వోల్టుల లైన్ల కంటే ఎక్కువే. అంత ఒత్తిడిలో కరెంటు సులువైన దారి వెతుక్కుంటుంది. ఎండిపోయి, బిగుతు తగ్గి, తేమ పట్టిన రెండో క్యాప్ లోపలినుంచి పింగాణీ వెంట కిందికి జారిపోయింది. లోపల పెట్రోల్ తడి తడిగా మిగిలిపోయింది.

పింగాణీ మీద గట్లు ఎందుకుంటాయో ఇన్నాళ్లూ ఆలోచించలేదు. పైనుంచి కిందికి పాకే దారి పొడుగవ్వాలని. నాన్న వాళ్ల ఇన్సులేటర్లకి గొడుగుల్లాంటి అంచులుండేది కూడా ఇందుకే.

జూలై 9, బుధవారం రాత్రి

కళ్లారా చూడాలనిపించింది. పదిన్నరకి కారుని ర్యాంప్ నోటి దగ్గరికి, సైలెన్సర్ బయటివైపు ఉండేలా పెట్టాను. మూసిన సెల్లార్లో ఇంజన్ నడిపి నిలబడటం ప్రాణాలతో చెలగాటం, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. వాచ్‌మన్‌ని బతిమాలి అక్కడి లైటు ఆర్పించాను. మా ఆవిడ ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే సీసా పట్టుకుని, బానెట్ ఎత్తి, చేతులు దూరంగా పెట్టి వైర్ల మీద పొగమంచులా కొట్టాను.

ఒకటి మీద ఏమీ లేదు. మూడు మీద ఏమీ లేదు. రెండో క్యాప్ మీద కొట్టగానే "చిట్ చిట్" అని శబ్దం, కింది అంచు చుట్టూ నీలం మెరుపులు. దీపావళి రోజు తడిసిన కాకరపువ్వొత్తి అంత. ఇంజన్ వెంటనే కుంటడం మొదలుపెట్టింది.

"మంటలొస్తున్నాయ్ సార్!" అని వాచ్‌మన్ బకెట్ కోసం పరిగెత్తాడు. ఆపేసరికి నా ప్రాణం పోయింది.

జూలై 12, శనివారం

బండి సామాన్ల కోసం రాణిగంజ్. ఆదివారం వెళ్దామంటే రేపు లష్కర్ బోనాలు, ఆ చుట్టుపక్కల బండి కదలదు. వైర్ల సెట్టు, ప్లగ్గులు, ఒక మంచి ఫీలర్ గేజ్. షాపాయన ఇరిడియం వేయమని గట్టిగా చెప్పాడు. ఇరిడియం 2,400 డిగ్రీల పైన గానీ కరగదు, మామూలు ప్లగ్ కొనకి వాడే నికెల్ 1,455కే కరుగుతుంది. అందుకే ఇరిడియం కొనని సన్నటి తీగలా చేయగలుగుతారు, సన్నటి కొనకి తక్కువ వోల్టేజి చాలు, లక్ష కిలోమీటర్ల దాకా అరగదు. అన్నీ నిజాలే. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిరిగే 800కి లక్ష కిలోమీటర్ల ప్లగ్ వేస్తే నా మనవలు మార్చుకోవాలి. మామూలువే తీసుకున్నాను, చివర 11 లేనివి.

అంతకుముందు మెట్టెక్కిన షాపులో చాలా చవగ్గా ఒక పెట్టె చూపించారు. అచ్చు కొంచెం అలుక్కుపోయింది, చూడీ అంచులు చేతికి గరుకు. మల్టీమీటర్ జేబులోనే ఉంది. పైమొన నుంచి మధ్య కొనకి కొలిస్తే దాదాపు సున్నా. ఆర్ అని రాసున్న ప్లగ్ లోపల ఐదు కిలో ఓమ్‌ల వరకు చూపించాలి. డబ్బా మూసి మర్యాదగా తిరిగిచ్చేశాను. రెండో షాపాయన నన్ను కొలుచుకోనిచ్చాడు, నవ్వాడు కానీ ఇచ్చాడు. మూడూ నాలుగు, ఐదు కిలో ఓమ్‌ల మధ్యే ఉన్నాయి.

జూలై 13, ఆదివారం

బిగించే రోజు. కొత్త ప్లగ్ అయినా గ్యాప్ చూడాల్సిందే, పెట్టెలో ఎక్కడ కిందపడిందో మనకి తెలీదు. మూడింట్లో ఒకటి 0.9 ఉంది. పక్క కొమ్మని చెక్కబల్లకి మెల్లగా తట్టి వంచాను. మధ్య కొనకి ఏదైనా ఆనించి ఎత్తితే లోపలి పింగాణీ చిట్లుతుంది, ఆ చిట్లు కంటికి కనపడదు. ఫీలర్ గేజ్ రేకు కొత్త నోట్ల కట్టలోంచి ఒక నోటు లాగినట్టు, కొంచెం పట్టుకుని కదలాలి. 0.75 దగ్గర ఆపాను.

నాన్న పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతక్ రోజులు గుర్తొచ్చాయి ఆయనకి. స్టార్ట్ కాకపోతే స్కూటర్ని పక్కకి వంచడం, డిక్కీలోంచి పానా తీసి ప్లగ్ విప్పడం, ఎమరీ పేపర్‌తో రుద్ది, ఉఫ్ అని ఊది, మళ్లీ బిగించడం. ఆ కాలంలో ప్లగ్ అంటే మైకోయే. 1951లో బెంగళూరులో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, ఇప్పుడు బాష్ లిమిటెడ్. టూ స్ట్రోక్ బండికి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిసేది కాబట్టి కార్బన్ పేరుకుని గ్యాప్‌కి అడ్డంగా వంతెన కట్టేసేది, రుద్దితే అది పోయేది.

"దీనికీ రుద్దితే పోయేదేమోరా" అన్నాడు గీత ఉన్న ప్లగ్ పట్టుకుని.

"పోదు నాన్నా. పోయినా, ఆ క్యాప్ మళ్లీ గీస్తుంది."

బిగించడానికి పానా ముందు ముట్టుకోకూడదు. జానెడు పెట్రోల్ పైపు ముక్కని ప్లగ్ నెత్తిన తొడిగి, దాంతో తిప్పాలి. చూడీ సరిగ్గా పడితే సులువుగా తిరుగుతుంది. అడ్డంగా పడితే పైపే జారిపోతుంది, హెడ్ చూడీ చెడదు. రూపాయి ఖర్చు లేని ఇన్సూరెన్స్. వాషర్ ఆనే దాకా చేత్తో, ఆ తర్వాత పానాతో అర చుట్టు. కొత్త వాషర్ నలిగి కూర్చోడానికి ఆ అర చుట్టు కావాలి. వాడిన ప్లగ్ అయితే వాషర్ ముందే నలిగుంటుంది కాబట్టి గడియారం ముల్లు ఒక గంట జరిగినంత చాలు. బిగింపు బలం కొలిచే టార్క్ పానా ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. చూడీలకి గ్రీజు పూయమంటారు కొందరు. ప్లగ్ తయారుచేసేవాళ్లు దానికి పూత ముందే వేస్తారు. పైన గ్రీజు కూడా పూస్తే జారుడు ఎక్కువై, తెలియకుండానే అతిగా బిగించేస్తాం. నేను పూయలేదు.

ఇక నా ఘనకార్యం. పాత వైర్లకి నంబర్లు పెన్నుతో రాసి టేపు చుట్టాను. పెట్రోల్ గుడ్డతో తుడిచేటప్పుడు ఆ అంకెలు కాస్తా పోయాయి. కొత్త సెట్టుని పొడవులు చూసి అందాజుగా తగిలించి తాళం తిప్పాను. "ఢబ్!" కార్బురేటర్లోంచి ఎదురుపేలుడు. మూడో అంతస్తు బాల్కనీలోంచి ఎవరో తొంగిచూశారు. ఈ ఇంజన్ పేలే వరస 1-3-2, నేను రెండుకి మూడోదీ మూడుకి రెండోదీ తగిలించాను. మార్చాక అర తిప్పుకే అందుకుంది. మళ్లీ జన్మలో పెన్నుతో రాయను, ఒకదానికి ఒక ముడి, రెండోదానికి రెండు ముళ్లు దారం కడతాను.

పాత రెండో క్యాప్‌ని బ్లేడుతో నిలువుగా కోశాను. లోపల నల్లటి రబ్బరు మీద, ఇంకా నల్లగా, మెరుస్తూ ఒక గీత. పక్కన ప్లగ్ పెడితే రెండు గీతలూ ఒకదాని మెలిక మీద ఇంకోదాని మెలిక సరిగ్గా కూర్చున్నాయి, చెల్లాచెదరైన నోటు ముక్కలు కలిపినట్టు. కాలిన రబ్బరంటే కార్బన్, కార్బన్ అంటే కరెంటుకి తారు రోడ్డు. కొత్త ప్లగ్ తెచ్చి ఈ క్యాప్‌లో దూర్చిన ప్రతిసారీ వారం రోజుల్లో అది కూడా గీత పడిపోయిందన్నమాట. మేము ఏడాదిగా దొంగని ఇంట్లో పెట్టుకుని సాక్షిని బయటికి పంపుతున్నాం.

జూలై 20, ఆదివారం

వారంలో నాలుగు రోజులు వాన. ఒక్కసారీ కుంటలేదు. స్ప్రే సీసా పరీక్ష మళ్లీ చేశాను, ఈసారి వాచ్‌మన్‌కి ముందే చెప్పి. చీకటి, అంతే.

పొద్దున సాగర్ రోడ్డు మీద నలభై కిలోమీటర్లు నడిపి వచ్చి, చల్లారాక ఒక ప్లగ్ తీసి చూశాను. సెల్లార్లో పది నిమిషాలు ఊరికే నడిపి తీసిన ప్లగ్ రంగు నమ్మకూడదు, ఏ ప్లగ్ అయినా మసిగానే కనిపిస్తుంది. రెండోది లేత గోధుమ రంగుకి తిరుగుతోంది. ఇంజన్ నిమిషానికి మూడు వేల తిరుగుళ్ల దగ్గర ఒక్కో ప్లగ్ సెకనుకి పాతికసార్లు పేలుతుంది. అరవై స్పీడ్‌లో దరిదాపు ఆ తిరుగుళ్లే అనుకుంటే కిలోమీటరుకి పదిహేను వందలు. ఇరవై వేల కిలోమీటర్లకి మూడు కోట్లు. అన్ని దెబ్బలకి కొన అంచులు గుండ్రంగా అరిగి గ్యాప్ పెరుగుతూ పోతుంది. అందుకే పది వేలకి ఒకసారి తీసి గ్యాప్ కొలుస్తానని డాష్‌బోర్డ్ లోపల చీటీ అంటించాను.

వస్తూ వస్తూ ఉస్తాద్ దగ్గర ఆగాను. గొడవ పెట్టుకోవాలనే వెళ్లాను, నిజం చెప్పొద్దూ. కోసిన క్యాప్, ప్లగ్ చేతిలో పెట్టాను. ఆయన వెలుతురులోకి వెళ్లి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ప్లగ్ నోరు చూస్తం గని వీపు చూడం సార్. గిది నాకే దొరకలే."

ఇంకేం గొడవ పెట్టుకుంటాను? 11 సంగతి చెప్తే, షాపోడు ఏదిస్తే అదే వేశామన్నాడు. క్యాప్ మాత్రం తిరిగివ్వలేదు. "ఉండనియ్ సార్, మా పోరలకు చూపిస్తా."

జూలై 27, ఆదివారం

పేరొచ్చాక పని కూడా వస్తుంది. మా ఆవిడ హ్యాచ్‌బ్యాక్‌లో గురువారం నుంచి ఇంజన్ లైటు వెలుగుతోంది. బ్లూటూత్ స్కానర్ పెడితే పి0303, మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోల్ అంటుకోవట్లేదని. కొత్త కార్లు ఏ సిలిండరో నోటితో చెప్పేస్తాయి, ఎందుకో మాత్రం చెప్పవు. వీటిని మిస్సింగ్‌తో నడపడం ఇంకా ఖరీదు. కాలని పెట్రోల్ పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది, లోపలి జాలీ కరుగుతుంది.

ఇందులో పొడుగు వైర్లు లేవు, ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్. కనెక్టర్ లాక్ నొక్కి తీసి, పది నంబరు బోల్టు విప్పి, కాయిల్‌ని తిప్పుతూ పైకి లాగాను. మూడో కాయిల్ రబ్బరు గొట్టం ఆయిల్‌లో ముంచి తీసినట్టు వచ్చింది. ప్లగ్ కూర్చునే గుంటలోకి టార్చ్ వేస్తే అడుగున ఆయిల్ మడుగు. హెడ్ కవర్ కింద, గుంట చుట్టూ ఉండే సీలు గట్టిపడి కారుతోంది. ఆయిల్‌లో నానిన రబ్బరు ఉబ్బి, పట్టు పోయి, ఇక్కడా కరెంటు పక్కదారి పట్టింది. ఈసారి పింగాణీ వీపు ముందే చూశాను. సన్నటి గీత, అదే చోట.

ప్లగ్ విప్పే ముందు ఆ మడుగంతా తోడాలి, లేకపోతే విప్పగానే సిలిండర్లోకి జారుతుంది. పాత బనియన్ ముక్కల్ని తీగకి చుట్టి తోడేసరికి మధ్యాహ్నం అయింది. ప్లగ్గులు నాలుగూ మార్చవచ్చు, కాయిల్ రబ్బరు విడిగా దొరుకుతుంది, కానీ సీలు మార్చకుండా ఏది మార్చినా మళ్లీ ఉస్తాద్ కథే. ఆ సీలున్న గాస్కెట్ శనివారానికి వస్తుందన్నారు. అప్పటిదాకా ఆ కారు బానెట్ మూసి సెల్లార్లో ఉంటుంది. సాయంత్రం మా ఆవిడ హుక్కుకి వేలాడుతున్న 800 తాళం తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. బయట ముసురు.